బండి జరగాలి, కారు జరగదు

కుమారి ఆంటీ పేరు చెప్తే మనలో చాలామందికి ముందు గుర్తొచ్చేది రెండు లివర్ల మీమ్. నాకు గుర్తొచ్చేది 2024 జనవరి చివరి వారం. మాదాపూర్‌లో ఐటీసీ కోహెనూర్ హోటల్ దగ్గర ఆవిడ నడిపే భోజనం బండి వల్ల ట్రాఫిక్ ఆగిపోతోందని పోలీసులు కేసు పెట్టి, అక్కణ్నించి తీసెయ్యమన్నారు. సోషల్ మీడియా భగ్గుమంది. వెంటనే ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కల్పించుకుని, బండిని ఉన్నచోటే ఉండనివ్వమని ఆదేశించారు. అందరూ చప్పట్లు కొట్టారు. పేదవాళ్ళు గెలిచారన్నారు.

ఎవరు గెలిచారో నాకు అర్థం కాలేదు. ఆ బండి వల్ల నడిచేవాళ్ళకి నిజంగానే ప్రమాదం ఉంటే, ముఖ్యమంత్రి చెప్పినంత మాత్రాన ఆ ప్రమాదం పోదు కదా. ప్రమాదం లేకపోతే తీసెయ్యమన్నది దేనికి? ఈ రెండు ప్రశ్నలూ అడిగినవాళ్ళు నాకైతే కనపడలేదు. ఇలాంటి గొడవ వస్తే ఏం చెయ్యాలో చెప్పే చట్టం ఒకటి పార్లమెంటు 2014లోనే చేసింది. నేను చదివిన పోస్టుల్లో, చూసిన వీడియోల్లో దాని పేరు ఎత్తినవాళ్ళు లేరు. హక్కుగా రావాల్సింది దయగా వచ్చింది, అదీ లక్షలమంది చూసే బండి కాబట్టి వచ్చింది. మన వీధి చివర బజ్జీల బండి కోసం ఏ ముఖ్యమంత్రీ ఫోన్ చెయ్యడు.

నేను చెప్పదల్చుకున్నది ఒకటే. రోడ్డు భద్రత పేరు చెప్పి బండ్లని తరిమికొడుతున్నందువల్ల రోడ్డు ఇంకా ప్రమాదకరంగా తయారవుతోంది. ఇది పేదల మీద జాలితో అంటున్న మాట కాదు. రోజూ నడిచే రోడ్డు మీద చూసి, లెక్క వేసుకుని అంటున్న మాట.

మా ఆఫీసు ఐటీ కారిడార్‌లో. రోడ్డు పేరు రాయను, రాస్తే రేపు అక్కడే డ్రైవ్ పెడతారు. ఆఫీసుకి నూట యాభై అడుగుల దూరంలో ఒక ఖాళీ ప్లాటు, దానికి ఎప్పుడూ తెరవని ఇనప గేటు. ఆ గేటు ముందు ఫుట్‌పాత్ కొంచెం వెడల్పు. అక్కడ ఒకావిడ టిఫిన్ బండి ఉండేది. ఊరు నాగర్‌కర్నూల్ దగ్గర. బండి ఫుట్‌పాత్ మీదే, వీపు రోడ్డు వైపు, వడ్డించేది గేటు వైపు. తినేవాళ్ళు గేటుకి ఆనుకుని నిలబడేవాళ్ళు. నడిచేవాళ్ళకి మధ్యలోంచి దారి ఉండేది. ఇరుకే, కానీ దారి. రోడ్డుకీ మనుషులకీ మధ్య బండే ఒక గోడలాగా ఉండేది.

పోయిన ఏడాది ఒక సాయంత్రం లారీ వచ్చి స్టవ్వు, సిలిండరు, గిన్నెలు ఎక్కించుకుని పోయింది. పదిహేను రోజుల తర్వాత ఆవిడ మళ్ళీ వచ్చింది. ఈసారి బండి ఫుట్‌పాత్ కింద, నేరుగా రోడ్డు మీద. వడ్డించేది కూడా రోడ్డు వైపే. వెనక ఖాళీ అయిన ఫుట్‌పాత్ మీద వారం తిరక్కుండా బైకులు వరసగా వచ్చి నిలబడ్డాయి. తినేవాళ్ళం ఇప్పుడు ట్రాఫిక్‌కి వీపు పెట్టి, చేతిలో ప్లేటుతో రోడ్డు మీద నిలబడతాం. నడిచేవాళ్ళు మమ్మల్ని కూడా తప్పించుకుని ఇంకా లోపలికి, బస్సులు వెళ్ళే వరసలోకి దిగుతారు.

ఒకరోజు అడిగాను. "అక్కా, పైన బాగానే ఉండేది కదా, కిందికి ఎందుకు దింపారు?"

"పైన పెడితే బండి దింపనీకి ఇద్దరు గావాలె సార్. వాళ్ళొచ్చినప్పుడు మా ఆయన ఉంటడో ఉండడో. కింద ఉంటే నేనొక్కదాన్నే తోసుకవోత."

"మరి జనం రోడ్డు మీద నిలబడుతున్నారు. ఏ కారో వచ్చి కొడితే?"

"కొడితే ముందు నన్నే కొడ్తది గద సార్."

చట్నీ వేస్తూ అంది. కోపం లేదు, బాధ లేదు. అయిపోయిన లెక్క చెప్పినట్టు చెప్పింది.

ఈ లెక్క అర్థమైతే మిగతాదంతా అర్థమవుతుంది. ఎప్పుడు పారిపోవాల్సొస్తుందో తెలియని బండి ఎప్పుడూ రోడ్డు అంచునే ఉంటుంది. చక్రాలకి అడ్డం రాయి పెట్టరు, పెడితే తియ్యడానికి టైము పడుతుంది. సిలిండరు దూరంగా పెట్టి గొట్టం లాగరు, వెంటనే ఎత్తాలి కాబట్టి స్టవ్వు కిందే ఉంటుంది. మరిగే నూనె మూకుడు కూడా రోడ్డు వైపే. లైటు కూడా చిన్నదే పెడతారు, దూరం నుంచి కనపడకూడదని. ఇవన్నీ చూసి మనం "ఎంత ప్రమాదకరంగా ఉందో చూడు, అందుకే తీసెయ్యాలి" అంటాం. తీసేస్తాం. మళ్ళీ వచ్చినప్పుడు ఇంకొంచెం రోడ్డు లోపలికి, ఇంకొంచెం తేలిగ్గా పారిపోయేట్టు వస్తుంది. నా పనిలో ఇలాంటివి చూస్తుంటాను. ఒక బగ్‌కి ప్యాచ్ వేస్తాం, ఆ ప్యాచ్ వల్లే అదే బగ్ పెద్దదై తిరిగొస్తుంది, అప్పుడు ఇంకో ప్యాచ్. అక్కడైతే రెండోసారికే ఎవరో ఒకరు అసలు కారణం ఏంటని గట్టిగా అడుగుతారు.

అదే రోడ్డు మీద ఇంకో మార్పు కూడా చూశాను. దోసెల బండి అతను తోపుడు బండి అమ్మేసి పాత వ్యాన్ ఒకటి కొన్నాడు. వెనక తలుపు ఎత్తితే పెనం. బండి నిలబడితే అది ఆక్రమణ, వ్యాన్ నిలబడితే అది పార్కింగ్. ఆక్రమణకి లారీ వస్తుంది, పార్కింగ్‌కి మహా అయితే చలాన్ వస్తుంది. వ్యాన్ ఫుట్‌పాత్ ఎక్కదు కాబట్టి రోడ్డులో ఒక వరస మొత్తం తినేస్తుంది. హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులు 2022 అక్టోబర్‌లో 'ఆపరేషన్ రోప్' మొదలుపెట్టినప్పుడు ఆ పేరులోనే రెండు విషయాలున్నాయి: అడ్డంగా పెట్టిన వాహనాలు, ఆక్రమణలు. కాగితం మీద రెండూ సమానమే. రోడ్డు మీద మాత్రం ఒకటి జీవనోపాధి, ఇంకోటి కాసేపటి సౌకర్యం. ఒకరికి జరిమానా కడితే సరిపోతుంది, ఇంకొకరికి నెల సంపాదన పోతుంది.

కొలతలు కూడా చూద్దాం. తోపుడు బండి మామూలుగా ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. అంటే 24 చదరపు అడుగులు. ఒక మామూలు కారు ఆపితే 90 చదరపు అడుగుల దాకా పోతుంది. ఒక్క కారు చోటులో దాదాపు నాలుగు బండ్లు పడతాయి. సాయంత్రం ఏడు గంటలకి ఏ పేరున్న టిఫిన్ బండి దగ్గరికైనా వెళ్ళి చూడండి. ట్రాఫిక్ ఆపేది ఆ 24 అడుగులు కాదు. దానిచుట్టూ రెండు వరసల్లో నిలబడ్డ కార్లు. అందులో ఏసీ వేసుకుని కూర్చునేవాళ్ళుంటారు. కుర్రాడు దోసె ప్లేటు కిటికీలోంచి అందించాలి, చట్నీ మళ్ళీ తేవాలి, ఫోన్‌పే సౌండు వినపడేదాకా ఆగాలి. ఆ కుర్రాడు పరిగెత్తేది కదులుతున్న వాహనాల మధ్య. అక్కడ యాక్సిడెంట్ జరిగితే మర్నాడు పొద్దున తీసేసేది బండిని.

ఇక అసలు చంపేదేంటో చూద్దాం. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్ళలో 32,825 మంది నడుస్తున్నవాళ్ళు. రోజుకి తొంభై మంది. అన్ని చావుల్లో 71.2 శాతానికి కారణం అతివేగమని అదే నివేదిక చెప్తుంది. ఈ అంకెని కొంచెం అనుమానంగానే చూడాలనుకోండి, స్టేషన్లో ఫారం నింపేటప్పుడు 'అతివేగం' అని టిక్ పెట్టడం అన్నిటికన్నా సుళువు. రోడ్డు డిజైన్ తప్పని రాయాలంటే ఎవరో ఇంజనీర్ పేరు రాయాలి. అయినా వేగం సంగతి ఇంటర్ ఫిజిక్స్‌తోనే తేలిపోతుంది. డ్రైవర్ మనిషిని చూసి బ్రేక్ మీద కాలు వెయ్యడానికి ఒకటిన్నర సెకను అనుకుందాం. టైర్లు, రోడ్డు రెండూ బాగున్నాయనుకుందాం. గంటకి 50 కిలోమీటర్ల వేగంలో కారు ఆగడానికి సుమారు 35 మీటర్లు కావాలి. 30లో వెళ్తుంటే 18 మీటర్లు చాలు. చిన్నపిల్ల 20 మీటర్ల దూరంలో అడ్డం వచ్చిందనుకోండి. 30లో వచ్చే కారు ఆమె ముందు ఆగుతుంది. 50లో వచ్చే కారు ఆ 20 మీటర్లూ దాటే సమయానికి డ్రైవర్ కాలు ఇంకా బ్రేక్ మీద పడి ఉండదు.

టిఫిన్ బండ్లు, కాలేజీలు, హాస్టళ్ళు, బస్టాపులు అన్నీ ఉన్న రోడ్డు మీద 50, 60లో వెళ్ళే హక్కు ఎవరిచ్చారు? ఇది చర్చకే రాదు. అలాంటి రోడ్డుకి స్పీడ్ బ్రేకర్ అడిగితే ట్రాఫిక్ స్లో అవుతుందంటారు. అవ్వాలనే కదా అడిగేది!

"రోడ్డు భద్రత" అనే మాటకి ఒక సౌలభ్యం ఉంది. అది అన్నాక ఎదుటివాళ్ళు నోరు మూసుకోవాలి. అందుకే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో బండ్లు చూడ్డానికి బాలేవని ఎవరూ రాయరు. పిల్లలు నడవడానికి చోటు లేదని రాస్తారు. సరే, పిల్లల మీద ప్రేమే అనుకుందాం. ఒక శనివారం పొద్దున నేను టేపు పట్టుకుని మా ఆఫీసు ఫుట్‌పాత్ మీద నడిచాను. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాల ప్రకారం ఫుట్‌పాత్ మీద నడవడానికి కనీసం 1.8 మీటర్ల ఖాళీ ఉండాలి, ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదు. పొద్దున కాబట్టి ఒక్క బండి కూడా లేదు. అయినా ఆ 1.8 మీటర్లు వరసగా ఇరవై అడుగులు కూడా దొరకలేదు. ట్రాన్స్‌ఫార్మర్, దాని చుట్టూ కంచె. ఒక ఆఫీసు సెక్యూరిటీ క్యాబిన్. కార్లు లోపలికి వెళ్ళడానికి ప్రతి గేటు దగ్గరా ర్యాంపు, ర్యాంపుకి ర్యాంపుకీ మధ్య మోకాలెత్తు దిగుడు. మూత లేని మ్యాన్‌హోల్. ఒక షోరూమ్ వాళ్ళ పూలకుండీలు. అపార్ట్‌మెంట్ జనరేటర్. వీటిలో దేన్నీ ఎక్కించుకుపోవడానికి లారీ రాదు. చక్రాల కుర్చీలో ఉన్న మనిషికి ఆ ఫుట్‌పాత్ రాత్రి ఎంతో పొద్దునా అంతే.

మరి మనం? కథలూ కవిత్వం చదివేవాళ్ళం, ఇలాంటి పత్రికలకి రాసేవాళ్ళం?

మనకి బండి అంటే చాలా ఇష్టం. మన కథల్లో ఎన్ని బండ్లున్నాయో లెక్కలేదు. పొగలు కక్కే ఇడ్లీ, అల్లం పచ్చడి, జేబులో డబ్బుల్లేని నిరుద్యోగ హీరోకి "తర్వాతిద్దువులే బాబూ" అనే పెద్దాయన. ఆ పెద్దాయన బండి రోడ్డుకి ఎంత దూరంలో ఉంది? రోజుకి మామూలు ఎంత ఇస్తాడు, ఎవరికి? లారీ వస్తోందని తెలిస్తే ముందు స్టవ్వు తీస్తాడా, సిలిండరు తీస్తాడా? కథకుడికి పట్టదు. బండి అక్కడ సాయంత్రం వాతావరణం కోసం ఉంది, వాన లాగా, రేడియోలో పాత పాట లాగా. పెద్దాయన మంచితనం మాత్రం కథకుడికి కావాలి, అది లేకపోతే ముగింపు కుదరదు. ఒక పాఠకుడిగా ఈ మంచితనం వసూలు చేసే కథలు చదివి చదివి నాకు విసుగొచ్చింది. ఫుడ్ వ్లాగర్ల మీద మనం జోకులేసుకుంటాం గానీ, వాళ్ళు కనీసం ప్లేటు ధర చెప్తారు.

ఆ మమకారం కూడా మనకి నచ్చిన సరుకు దాకానే. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్మేవాళ్ళ గురించి ఎన్ని తలపోతలు రాసుకున్నాం! అక్కడ వంగుని పుస్తకాలు ఏరుకునే వందలమంది వల్ల నడిచేవాళ్ళకి దారి ఉండదని ఎవరైనా రాశారా? సాదిక్ అలీ గారు 'తోపుడు బండి' మీద తెలుగు పుస్తకాలు అమ్మితే మురిసిపోయాం, న్యాయంగానే మురిసిపోయాం. అదే సైజు బండి మీద మిరపకాయ బజ్జీ అమ్మితే ట్రాఫిక్ సమస్య గుర్తొస్తుంది. రెండు బండ్లకీ చక్రాలు నాలుగే.

ఇంతకీ అబిడ్స్ ఎందుకు నడుస్తోంది? ఆదివారం షాపులు మూసి ఉంటాయి కాబట్టి. వారంలో ఆరు రోజులు షాపులది, ఒకరోజు పుస్తకాలది. ఇండోర్ సరాఫా బజారులో పగలు నగల కొట్లు, రాత్రి అవి మూసేశాక అదే వీధిలో తిండి కొట్లు. చోటు ఒకటే, వేళలు వేరు. ఐటీ కారిడార్‌లో రాత్రి తొమ్మిది తర్వాత ఖాళీగా పడి ఉండే ఆఫీసు పార్కింగులు, సర్వీస్ రోడ్లు ఎన్నో. దీనికి పెద్ద తెలివి అక్కర్లేదు. అడగాలి, అంతే.

ఇక్కడ ఎదుటి పక్షం మాట ఒకటి ఒప్పుకుని తీరాలి. కొన్ని చోట్ల బండి ఉండకూడదు. ఫ్లైఓవర్ దిగే చోట, ఫ్రీ లెఫ్ట్ మలుపులో, బస్టాపు ముందు, జీబ్రా క్రాసింగ్ దగ్గర. అక్కడ బండి పెడితే డ్రైవర్‌కి దాటే మనిషి కనపడడు, దాటే మనిషికి వాహనం కనపడదు. హైవే పక్కన అయితే మరీ. 2024 డిసెంబర్‌లో చేవెళ్ళ దగ్గర ఆలూరులో రోడ్డు పక్కన కూరగాయలు అమ్ముకుంటున్నవాళ్ళ మీదికి లారీ దూసుకెళ్ళి ప్రాణాలు తీసింది. ఆ వార్త వచ్చినరోజు మా క్యాంటీన్‌లో ఒకతను, "అసలు వాళ్ళు అక్కడెందుకు కూర్చున్నారు?" అన్నాడు. మంచి ప్రశ్నే. ఎందుకంటే కార్లు ఆపి తాజా కూరలు కొనేవాళ్ళు అక్కడే ఆగుతారు. ఊరి లోపల కొనేవాళ్ళు లేరు. ఆగడానికి ఒక పక్క స్థలం, లారీకీ మనుషులకీ మధ్య ఒక ఇనప కంచె, ముందే వేగం తగ్గించే ఏర్పాటు ఉంటే వాళ్ళు అందులోనే కూర్చునేవాళ్ళు. రైతు తన కూరగాయలతో వచ్చి లారీ దారిలో కూర్చోవాలని సరదా పడడు. బండ్లని సమర్థించే మిత్రులు ఇలాంటి చోట్ల గురించి మాట్లాడరు, మాట్లాడితే పోరాటం బలహీనపడుతుందని భయం. చచ్చిపోయేది ముందు అమ్మేవాళ్ళే అయినప్పుడు ఆ మౌనం వాళ్ళకి చేసే మేలేంటి?

అంతెందుకు, కాస్త పాతుకుపోయిన బండివాళ్ళు కొత్తవాళ్ళని రానివ్వరు. గల్లీ లీడర్ బండ్లు అద్దెకి తిప్పుతాడు. ఇవి కూడా తెలిసినవే. కానీ ఇదంతా చోటుకి చట్టబద్ధంగా పేరు లేకపోవడం వల్ల పుట్టిన వ్యాపారం. కాగితం లేని చోట మామూలే కాగితం.

ఆ కాగితం సంగతి 2014 చట్టంలో ఉంది. వీధి వ్యాపారుల జీవనోపాధి రక్షణ, నియంత్రణ చట్టం. పేరులోనే నియంత్రణ ఉంది, అది గమనించాలి. ఎవరికిష్టమొచ్చిన చోట వాళ్ళు పెట్టుకోవచ్చని అది అనలేదు. అయిదేళ్ళకి ఒకసారైనా సర్వే చెయ్యమంది. సర్వే అయ్యి, అందరికీ సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవర్నీ ఖాళీ చేయించొద్దంది. తర్వాత ఖాళీ చేయించాలన్నా ముప్ఫై రోజుల నోటీసు ఇమ్మంది. సరుకు పట్టుకుపోతే, పాడైపోయేదాన్ని అడిగినరోజే, మిగతాదాన్ని రెండు పనిదినాల్లో తిరిగివ్వమంది. నగరాన్ని మూడు రకాలుగా గుర్తించమంది: అమ్ముకోవడానికి ఆటంకం లేని చోట్లు, షరతులున్న చోట్లు, అసలు అమ్మకూడని చోట్లు. ఇవన్నీ తేల్చడానికి టౌన్ వెండింగ్ కమిటీ పెట్టి, అందులో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే, అదీ వాళ్ళలో వాళ్ళు ఎన్నుకున్నవాళ్ళే ఉండాలంది. నాకు అన్నిటికన్నా నచ్చిన మాట షెడ్యూల్‌లో ఉంది. జనం రద్దీ ఎక్కువగా ఉందన్న ఒక్క కారణంతో ఏ చోటునీ 'అమ్మకూడని చోటు'గా ప్రకటించకూడదట. ఆ వాక్యం రాసినవాళ్ళెవరో గానీ మన రోడ్ల మీద తిరిగిన మనిషి.

కోర్టులు కూడా ఒక పక్కే మాట్లాడలేదు. జీవనోపాధి కూడా జీవించే హక్కులో భాగమేనని బొంబాయి పేవ్‌మెంట్ల మీద బతికేవాళ్ళ కేసులో 1985లోనే సుప్రీంకోర్టు అంది. రోడ్డు పక్కన వ్యాపారం చేసుకోవడం హక్కేననీ, అయితే ఫలానా చోటే కావాలని పట్టుబట్టకూడదనీ 1989లో సోదాన్ సింగ్ కేసులో అంది. 2025 మేలో, నడిచేవాళ్ళకి ఫుట్‌పాత్ ఉండటం కూడా 21వ అధికరణం ఇచ్చిన హక్కేనని, ఆక్రమణలు తొలగించాలని అంది. ఈ చివరి తీర్పు వచ్చినప్పుడు నేను నిజంగా సంతోషించాను. రోజూ నడిచేవాణ్ని కదా. భయం కూడా వేసింది. ఎందుకంటే దీన్ని అమలు చేసేవాళ్ళకి ట్రాన్స్‌ఫార్మర్ జరపడం కష్టం, సెక్యూరిటీ క్యాబిన్ ఉన్న కంపెనీతో మాట్లాడటం ఇంకా కష్టం. బండి జరపడం ఒక సాయంత్రం పని. 21వ అధికరణంలోంచే నడిచేవాడికీ హక్కొచ్చింది, బతుకుదెరువుకీ హక్కొచ్చింది. ఒకదాన్ని పట్టుకెళ్ళి రెండోదాని మీద లారీలా తోలడానికి కాదు.

ఈ మాటంటే ఆన్‌సైట్ చేసొచ్చిన మిత్రులు వెంటనే సింగపూర్ అంటారు. "అక్కడ చూడు, రోడ్డు మీద ఒక్క బండి ఉండదు, అందరూ హాకర్ సెంటర్లలోనే." నిజమే. కానీ ఆ కథ చివరి పేజీ మాత్రమే చదివొస్తారు. సింగపూర్ 1968, 69ల్లో ముందు వీధి వ్యాపారులందర్నీ లెక్కపెట్టి రిజిస్టర్ చేసింది. 1971 నుంచి నీళ్ళు, కరెంటు, డ్రైనేజీ ఉన్న సెంటర్లు కట్టుకుంటూ, ఇళ్ళ సముదాయాల మధ్యే కట్టుకుంటూ వెళ్ళింది. ఆఖరి వ్యాపారి దాకా లోపలికి చేర్చేసరికి 1986 అయ్యింది. పదిహేనేళ్ళు! 2020లో ఆ హాకర్ సంస్కృతి యునెస్కో జాబితాకి ఎక్కింది. అక్కడా బలవంతాలు లేకపోలేదు. కానీ వరస చూడండి: లెక్కపెట్టారు, కట్టారు, తర్వాత జరిపారు. మనం మూడోదానితో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతాం.

మళ్ళీ మా రోడ్డు సంగతికొస్తే, అక్కడ చెయ్యాల్సినవి చాలా చిన్నవి. ఆ ఖాళీ ప్లాటు గేటు ముందు సున్నంతో నాలుగు గళ్ళు గీసి నంబర్లు వేస్తే చాలు. బండి ఫుట్‌పాత్ మీదే, వీపు రోడ్డు వైపు, వడ్డించేది లోపలికి. సిలిండరు గోడ పక్కన. నడిచేవాళ్ళకి మధ్యలో 1.8 మీటర్లు, ఒక చోట జనరేటర్ జరిపితే అది వస్తుంది. రోడ్డు మీద కార్లు ఆగకుండా అంచున ఇనప కడ్డీలు. అటు వంద మీటర్లు, ఇటు వంద మీటర్లు 30 వేగం, దానికి రెండు సరైన స్పీడ్ బ్రేకర్లు, సరైనవి అంటే నడుము విరగ్గొట్టేవి కాదు. ఆ టిఫిన్ బండి ఆవిణ్ని అడిగితే ఇంకా బాగా చెప్తుంది. ఏ వేళకి ఏ వైపు నుంచి వాహనాలు వేగంగా వస్తాయో, వాన పడితే నీళ్ళు ఎక్కడ నిలిచి బైకులు జారతాయో, పొద్దున ఆరింటి నుంచి చూస్తున్న మనిషి ఆవిడ. ఆ కమిటీలో 40 శాతం వీధి వ్యాపారులు ఉండాలని చట్టం అన్నది బహుశా ఇందుకే.

పోయిన నెల నేను సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టాను. మూడు ప్రశ్నలు. మా సర్కిల్ టౌన్ వెండింగ్ కమిటీ ఆఖరిసారి ఏ తేదీన కూర్చుంది, ఆ మినిట్స్ కాపీ. మా వార్డులో మూడు రకాల చోట్లు గుర్తించిన మ్యాపు. గత ఏడాది ఆ రోడ్డు మీద ఎన్ని బండ్లు తీశారు, వాటిలో ఎన్నిటికి ముప్ఫై రోజుల నోటీసు ఇచ్చారు. ఫీజు పది రూపాయలు, జవాబుకి గడువు ముప్ఫై రోజులు. నాలుగో ప్రశ్న కూడా రాసి మళ్ళీ కొట్టేశాను, అదే రోడ్డు మీద ఎన్ని కార్లు తీశారని. దాన్ని వేరే దరఖాస్తుగా వెయ్యబోతున్నాను, రెండూ కలిపితే మొదటిదాన్ని కూడా తిప్పి పంపేస్తారని. మీ వార్డులో ఇవే ప్రశ్నలు వేసి చూడండి. జవాబొస్తే నాకూ పంపండి, పక్కపక్కన పెట్టి చదువుదాం.